గుబ్బ వెనక ఏముంది: మంచూ పట్టు కవచాన్ని చూడటం, దాచటం

పాత గడీల తలుపుల మీద వరుసగా ఇత్తడి గుబ్బ మేకులు కొట్టి ఉంటాయి కదా. ముందు నిలబడి చూస్తే సింగారం కోసం కొట్టినట్టే ఉంటాయి. తలుపు వెనక్కి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది: చెక్కపలకలను అడ్డపట్టీలకు పట్టి ఉంచుతున్నవి ఆ మేకులే. చైనాను 1644 నుంచి 1912 దాకా ఏలిన మంచూల పట్టు కవచం కూడా అంతే. పైన పట్టు, పట్టు మీద బంగారు మొలాం (పూత) చేసిన గుబ్బలు కనిపిస్తాయి. ఆ గుబ్బ వెనక ఏముందన్నదే ఆ కవచం వయసు, పని, ఇప్పుడున్న స్థితి మూడూ చెప్తుంది.

యుద్ధానికి కట్టుకున్న కవచమైతే గుబ్బ వెనక ఇనుప రేకు ఉంటుంది. బయట బట్ట, లోపల అస్తరు, ఆ రెండింటి మధ్య ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా పేర్చిన రేకులు. ఒక్కో రేకును గుబ్బ మేకులే బట్టకు బిగించి పట్టుకుంటాయి. ఇనుము బయటికి కనిపించదు కాబట్టి వానకు సూటిగా తడవదు, ఎండకు మండదు, మంచూరియా చలిలో ఒంటికి తగలదు. ఒక రేకు విరిగితే దాని మేకులు తీసి దాన్ని మార్చుకుంటే సరిపోతుంది. 13వ శతాబ్దపు మంగోలు సైన్యాల్లో ఈ రకం వాడుకలో ఉండేది. ఓరుగల్లును రుద్రమదేవి ఏలిన కాలం అదే. మన దేశంలోనూ దీనికి చుట్టం ఉంది. మందంగా కుట్టిన మఖ్మల్ అంగీ మీద వందల ఇత్తడి మేకులు కొట్టిన చిల్తా హజార్ మాషా అది. నలభై మడతలు, వేయి మేకులు అని ఆ పేరుకు అర్థం చెప్తారు.

18వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఆ రేకులు మాయమయ్యాయి. తుపాకీ గుండుకు రేకు ఆగదు. కానీ కవాతుకు కవచం కావాలి, దూరం నుంచి అది పాత యుద్ధ కవచంలాగే కనిపించాలి. అందుకే గుబ్బల వరుసలను అలాగే ఉంచి, లోపల రేకుల బదులు దూదిని దట్టించి బొంత కుట్టినట్టు కుట్టారు. చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలంలో హాంగ్‌చౌ పట్టణంలోని రాజ నేతశాలల్లో ఇలాంటివి వేల జతలు తయారయ్యాయి. ఈనాడు ప్రపంచంలోని మ్యూజియాల్లో మంచూ కవచం అని కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఈ కవాతు జతలే. మిలాన్ నుంచి వెళ్ళి బీజింగ్ దర్బారులో చిత్రకారుడైన జుసెప్పే కాస్తిల్యోనే, చియెన్‌లుంగ్‌ను ఇలాంటి కవచంలో గుర్రమెక్కించి గీసిన పెద్ద పటం బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ దగ్గరి వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు బయటికి పోయిన వాటిలోనూ ఇలాంటి కవచాలున్నాయి.

రేకు ఉందో లేదో తెలియడానికి కుట్టు విప్పనక్కర్లేదు. చిన్న అయస్కాంతాన్ని మెత్తని మల్లు గుడ్డలో చుట్టి, అస్తరు వైపు నుంచి దగ్గరికి తీసుకురండి, ఆనించొద్దు. రెండు గుబ్బల నడుమ ఖాళీలో లాగితే లోపల ఇనుప రేకు ఉన్నట్టు. సరిగ్గా గుబ్బ ఉన్నచోటే లాగి, నడుమ లాగకపోతే అక్కడున్నది రేకు కాదు: పైన ఇత్తడి తల, లోపల ఇనుప కాడ. ఈ రెండింటినీ ఒకటనుకుని దూది కవచాన్ని యుద్ధ కవచమని రాసేయడం తరచుగా జరిగే పొరపాటు. అయస్కాంతం లేకపోతే అస్తరును చూడండి. రేకున్న చోట తుప్పు మరక పలక ఆకారంలో, తిన్నని అంచుతో ఉంటుంది. కాడ ఒక్కటే ఉన్నచోట బొట్టులా గుండ్రంగా ఉంటుంది.

ఇక భాగాలు. జతలో అంగీ, పావడా, శిరస్త్రాణం పెద్దవి. వీటిలో అంగీని మాత్రమే చూసి కవచం అనుకుంటాం కానీ చిన్న ముక్కల్లోనే తెలివి ఉంది. భుజాల మీద రెండు భుజపట్టాలు. చంకల కింద రెండు ముక్కలు, ఎందుకంటే చెయ్యి ఎత్తగానే మొదట బయటపడేది అక్కడే. అంగీ కిందంచుకు ముందువైపు నడిమిన ఒక ముక్క, రెండు పావడా చెక్కలు (పావడా విడి సగాలు) కలిసే సందును మూస్తుంది. ఎడమ పక్కన ఇంకో ముక్క. కుడి పక్కన ఉండదు. అది పోలేదు, మొదటి నుంచీ లేదు: అంబులపొది వేలాడేది కుడి పక్కనే. ఎడమ, కుడి ముక్కలు రెండూ ఉన్నాయని ఎవరైనా జత చూపిస్తే, ఒకటి వేరే జతది, లేదా తర్వాత కుట్టినది అని అనుమానించాలి. రొమ్ము మీద మెరుగు పెట్టిన గుండ్రని లోహపు బిళ్ల ఉంటుంది, దాన్ని గుండెను కాచే అద్దం అంటారు.

తొడిగే వరుస ఇది. ముందు పావడా, నడుము దట్టీకి కట్టిన రెండు చెక్కలుగా. గుర్రం ఎక్కితే రెండూ తొడలకు రెండు వైపులా పడతాయి. దాని మీద అంగీ. తర్వాత చంక ముక్కలు, భుజపట్టాలు, ముందు ముక్క, ఎడమ ముక్క. చివర శిరస్త్రాణం. ప్రదర్శనకు బొమ్మ మీద తొడిగేటప్పుడు కూడా ఇదే వరుస పాటించాలి. అంగీ ముందు వేసి పావడాను కింద నుంచి దూర్చబోతే గుబ్బలు పట్టును గీకుతాయి, ఒక్కసారికే దారాలు లేచిపోతాయి.

శిరస్త్రాణం గిన్నె ఇనుముతోనో, లక్క పూసిన తోలుతోనో చేస్తారు. ముందూ వెనకా నిట్టనిలువు పట్టీలు, నుదుటి మీద చిన్న రేకు, దాని కింద టోపీ అంచులా ముందుకు వచ్చిన పలక. పైన బోర్లించిన గిన్నె లాంటి భాగం, అందులోంచి నిటారుగా లేచే గొట్టం, గొట్టం కొసన కుచ్చు. మెడకూ చెవులకూ గుబ్బలు కొట్టిన పట్టు ముక్కలు వేలాడతాయి. చక్రవర్తి శిరస్త్రాణం చుట్టూ నేపాల్‌లో పుట్టిన లాంత్సా లిపిలో సంస్కృత బౌద్ధ మంత్రాక్షరాలు బంగారంతో ఉంటాయి. మంచూ దర్బారు టిబెట్ బౌద్ధాన్ని పాటించేది, అందుకని. బీజింగ్‌లో గుర్రమెక్కి దళాలను చూస్తున్న చక్రవర్తి తల మీద సంస్కృతం ఉండేదన్న మాట తెలుగువాళ్ళకు ఆగి వినదగినది.

రంగు ఊరికే వేసింది కాదు. మంచూ రాజ్యానికి పునాది వేసిన నూర్హాచీ 1615 నాటికి తన జనాన్ని ఎనిమిది జెండా దళాలుగా కట్టాడు: పసుపు, తెలుపు, ఎరుపు, నీలం, ఒక్కో రంగుకు అంచు లేనిదొకటి, అంచున్నదొకటి. పసుపు, తెలుపు, నీలం జెండాలకు ఎర్ర అంచు. ఎర్ర జెండాకు మాత్రం తెల్ల అంచు, ఎరుపు మీద ఎరుపు కనిపించదు కాబట్టి. సిపాయి కవచం రంగు అతని జెండా రంగే. అధికారి హోదాను గుబ్బల కంటే కుట్టుపని ఎక్కువ చెప్తుంది. అయిదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తిదీ పెద్ద రాజకుమారులదీ, నాలుగు గోళ్ళది కింది వాళ్ళది. చాలా పాత వస్తువుల మీద అయిదో గోరును తర్వాత విప్పేసిన గుర్తులు కనిపిస్తాయి కాబట్టి గోళ్ళు లెక్కపెట్టేటప్పుడు భూతద్దంతో సూది రంధ్రాలు కూడా చూడాలి. 1759లో చియెన్‌లుంగ్ దర్బారు ఏ హోదాకు ఏ కవచమో బొమ్మలతో సహా నియమావళిగా పూర్తి చేయించింది. దాంతో పోల్చి చూసే వీలుండటం మన అదృష్టం.

బంగారు దారం దగ్గర కాస్త ఆగాలి, మన జరీ తెలిసినవాళ్ళు ఇక్కడే తప్పులో కాలేస్తారు. మన సంప్రదాయ జరీ అంటే సన్నగా సాగదీసి చదును చేసిన వెండి తీగ, దాని మీద బంగారు మొలాం, అది పట్టుదారం చుట్టూ చుట్టుకుని ఉంటుంది. పాతబడితే వెండి పైకి తేలి నల్లబడుతుంది. చైనా బంగారు దారంలో తీగ లేదు. సన్న కాగితం మీద జిగురు పూసి, బంగారు రేకు అంటించి, దాన్ని సన్నని పట్టీలుగా కోసి పట్టుదారానికి చుడతారు. పాతబడితే అది నల్లబడదు, రాలిపోతుంది. అడుగున ఎర్రటి లేదా గోధుమరంగు కాగితం బయటపడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ తేడా స్పష్టం: జరీ మీద నలుపు పొగ పట్టినట్టు పరుచుకుని ఉంటుంది, చైనా దారం మీద ఎర్రని చుక్కలు అక్కడక్కడ తొంగిచూస్తాయి. ఈ దారాన్ని బట్టలోకి దూర్చి కుట్టరు. రెండేసి దారాలను జంటగా పైన పరిచి, సన్న పట్టుదారంతో అక్కడక్కడ పట్టువేస్తారు. పట్టువేసిన ఆ సన్నదారం తెగితే డ్రాగన్ పొలుసులు మొత్తంగా లేచి వేలాడతాయి. బంగారం కాగితం మీద ఉంది కాబట్టి నీళ్ళు, ఆవిరి, డ్రై క్లీనింగ్ ఏదీ కూడదు. జిగురు కరిగితే ఇక చేయగలిగింది లేదు.

ఇప్పుడు చెడిపోవడం సంగతి. ఈ వస్తువులో కష్టం ఏమిటంటే, పట్టూ లోహమూ ఒకదాన్నొకటి చెరుపుతాయి. లోహానికి గాలి ఎంత పొడిగా ఉంటే అంత మేలు. పట్టు బాగా ఎండితే పెళుసవుతుంది. తేమ పెరిగితే ఇనుప కాడ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి బట్టలోని రంధ్రాన్ని చీల్చుతుంది. ఆ తుప్పు చుట్టూ ఉన్న నూలు అస్తరును లోలోపల తినేస్తుంది. ఇనుము చుట్టూ అస్తరు గోధుమరంగు తిరిగి వేలితో తాకితే పొడి అవడం ఇందుకే. ఇత్తడి గుబ్బకు చేతి చెమటలోని ఉప్పు తగిలితే పచ్చని చిలుము పుడుతుంది, అదీ పట్టుకు అంటుకుని మరకవుతుంది. చిలుము మైనంలా నున్నగా ఉంటే అది తోలులోని కొవ్వుతో కలిసిన రాగి. లేత ఆకుపచ్చగా, పొడిపొడిగా, తుడిచాక మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఉప్పు లోహంలోకి దిగిందన్నమాట, దాన్ని మ్యూజియం సంరక్షకుల దగ్గరికి పంపాలి.

అన్నిటికంటే ముందు పోయేది నల్ల అంచు. నల్ల మఖ్మల్, నల్ల పట్టు పట్టీలు పొడిగా రాలిపోయి, పక్కనున్న పసుపు పట్టు మాత్రం గట్టిగా ఉండటం మామూలే. పాతకాలపు నలుపును ఇనుప లవణం, కరక్కాయ లాంటి వగరు పదార్థం కలిపి అద్దేవారు. ఆ ఇనుమే దారాన్ని తినేస్తుంది. నల్ల అంచు రాలిందని ఎలుకలనూ పురుగులనూ అనడం సరికాదు.

వెలుతురు రెండో శత్రువు. పట్టు మీద వెలుగు 50 లక్స్ దాటకూడదు. అది కిటికీ మూసిన గదిలో దూరంగా వెలిగే చిన్న బల్బు వెలుతురంత. ఎండ తగులుతూ ఉన్న చోట పట్టు దారాలు బలహీనపడి తెగిపోతాయి, ఆ తర్వాత ఎంత చీకట్లో దాచినా తిరిగి రావు.

మూడోది బరువు. గుబ్బలన్నిటి బరువూ భుజపు కుట్టు మీద పడుతుంది. హ్యాంగర్‌కు తగిలిస్తే కొన్నాళ్ళకు భుజం దగ్గర అడ్డంగా చీలుతుంది. బొమ్మ మీద తొడిగితే భుజం, రొమ్ము, నడుము మూడు చోట్లా పాలిథీన్ నురుగు పలకతో (స్పాంజి కాదు) ఆసరా ఉండాలి. దాని మీద మెత్తని పాలియెస్టరు పరిచి, ఉతికిన నూలు బనీను బట్ట తొడగాలి.

మన వాతావరణం గురించి విడిగా చెప్పాలి. వరంగల్, కరీంనగర్ వైపు రోహిణి కార్తెలో గాలి గడ్డిపోచలా ఎండిపోతుంది, మృగశిర దాటి ముసురు పట్టాక గోడలు చెమరుస్తాయి. ఈ రెండింటి మధ్య ఊగిసలాటే ఎక్కువ నష్టం. పెట్టెలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండటమే లక్ష్యం. ముందు ఒక డిజిటల్ తేమ మీటరు కొని, దాన్ని పరీక్షించండి. సీసా మూతలో రెండు చెంచాల వంట ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంతే నీళ్ళు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా పెట్టండి. తెల్లారి 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలిపి చదువుకోవాలి.

సిలికా జెల్‌ను ఓవెన్‌లో ఎండబెట్టి నేరుగా పెట్టెలో వేయడం చాలామంది చేసే తప్పు. పూర్తిగా పొడి జెల్ మొదటి వారంలోనే పెట్టెలోని తేమ అంతా లాగేసి పట్టును పెళుసు చేస్తుంది. జెల్‌ను పళ్ళెంలో పలుచగా పరిచి, మీటరు 45-50 చూపిస్తున్న రోజుల్లో గదిలో రెండు వారాలు ఉంచి, అప్పుడు పెట్టెలోకి ఎత్తండి. అలా తయారైన జెల్ తేమ ఎక్కువైతే తీసుకుంటుంది, తక్కువైతే ఇస్తుంది. ఘనమీటరుకు 20 కిలోల లెక్క, అంటే 100 లీటర్ల పెట్టెకు 2 కిలోలు. రంగు మారే జెల్‌లో నీలం రంగుది వద్దు, నారింజ రంగుది తీసుకోండి. నీలంలో కోబాల్టు ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దుమ్ము తీయటం పొడి పద్ధతిలోనే. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. తెల్ల నూలు గ్లవ్స్ చూడటానికి మర్యాదగా ఉంటాయి గానీ, వాటి నూగు బంగారు దారాల కొసలను పట్టి లాగుతుంది. వాక్యూమ్ గొట్టం మూతికి దోమతెర ముక్క బిగించి, గాలి లాగటం అన్నిటికంటే తక్కువలో పెట్టండి. గొట్టాన్ని బట్టకు ఆనించకుండా రెండు వేళ్ళ ఎడంలో పట్టుకుని, మెత్తని మేకవెంట్రుక కుంచెతో దుమ్మును దాని వైపు తోయండి. లేచిన బంగారు దారం ఉన్నచోట కుంచె కూడా వద్దు.

గుబ్బను మెరిపించొద్దు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చింతపండు, నిమ్మ, ఇత్తడి పొడులు ఏవీ ముట్టొద్దు. మొలాం పొర వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచన, రుద్దిన కొద్దీ పోతుంది, కింది ఇత్తడి కొత్త బిందెలా మెరుస్తుంది. పులుపు పట్టులోకి దిగి ఆగకుండా పని చేస్తూనే ఉంటుంది. దసరాకు ఆయుధ పూజలో పాత కత్తులకూ కవచాలకూ నూనె రాసి, పసుపు, కుంకుమ పెట్టే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. మొక్కుకోవడానికి ముందు ఒక పీట మీద పటం పెట్టి, దాని మీద పసుపు కుంకుమ పెట్టండి, కవచాన్ని వెనక పెట్టె మూత తీసి చూపిస్తే చాలు. పసుపు పట్టులో దిగితే ఏ సబ్బూ తీయలేదు, నూనె దుమ్మును పిలుస్తుంది.

పెట్టెలో పెట్టేటప్పుడు పావడా చెక్కలు, భుజపట్టాలు, చంక ముక్కలు విడివిడిగా, మడవకుండా, ఒక్కోటి ఒక్కో పళ్ళెంలో. అంగీ చేతులు మడవాల్సి వస్తే మడతలో ఆమ్లంలేని కాగితాన్ని చుట్ట చుట్టి పెట్టండి. ఒక గుబ్బ ఎదుటి పట్టును తాకితే అక్కడ గుండ్రని గుంట, పచ్చ మరక రెండూ పడతాయి, అందుకే పొరపొరకూ కాగితం ఉండాలి. న్యూస్‌పేపర్ వద్దు, రబ్బరు బ్యాండు వద్దు, స్పాంజి వద్దు. చుట్టడానికి రంగు వేయని గాడా గుడ్డ, మూడు నాలుగుసార్లు వట్టి నీళ్ళతో ఉతికినది. వేపాకు పెట్టెలో వేయొద్దు, పురుగుల్ని తరిమేలోపు దాని నూనె మరకవుతుంది. చెదల భయం మన నేలకు ఎక్కువ కాబట్టి పెట్టెను నేల నుంచీ గోడ నుంచీ జానెడు ఎడంగా ఇనుప స్టాండు మీద పెట్టి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి దాని చుట్టూ నేలను చూడండి.

చీలిన పట్టుకు ఫెవికాల్, సెల్లోటేపు వాడితే అది చీలిక కంటే ఎక్కువ పాడు చేస్తుంది. చీలిక కిందికి అదే రంగు అద్దిన పలుచని పట్టుజాలీ జార్చి, వంపు సూదితో వెంట్రుకంత దారంతో అక్కడక్కడ పట్టువేయడమే పద్ధతి. సూది కొత్త రంధ్రం పొడవకుండా పాత దారాల సందులోంచి పోవాలి. ఇది నేర్చుకున్న చేయి చేయాలి.

మార్కెట్లో సినిమా దుస్తులను పాత కవచాలుగా అమ్ముతుంటారు. వాటి గుబ్బలు అంటించినవో, వెనక రెండు ముళ్ళు వంచినవో అయి ఉంటాయి, తిప్పి చూస్తే అన్నీ ఒకే ఎత్తులో ఒకే వరుసలో ఉంటాయి. డ్రాగన్ కుట్టు వెనక తెల్లని మిషను దారం కనిపిస్తుంది. అసలు కవచంలో గుబ్బ కాడ ఒక్కోటి ఒక్కో వంపుతో, చేత్తో కొట్టినట్టుగా ఉంటుంది, దారి తప్పిన సుత్తి దెబ్బల గుర్తులు కూడా ఉంటాయి. రాలిన దారం ఒకటి దొరికితే మంట దగ్గర పెట్టి చూడవచ్చు: పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది, పాలియెస్టరు అయితే కరిగి గట్టి పూసవుతుంది. కవచం మీదున్న దారాన్ని మాత్రం ఎప్పుడూ లాగొద్దు.

ఊడిన గుబ్బల మాటకొస్తే, ఖాళీ చోట కొత్తది పెట్టాలన్న కోరిక సహజం. పెంబర్తి ఇత్తడి పనివాళ్ళు చేయగలరు, బాగా చేస్తారు కూడా. అయినా ఎక్కువసార్లు పెట్టకపోవడమే మంచిది. పాత రంధ్రం అంచులు బలహీనంగా ఉంటాయి, కొత్త కాడ వాటిని ఇంకాస్త వెడల్పు చేస్తుంది. ప్రదర్శనకు తప్పనిసరి అయితే వెనక కాడ లేకుండా పలుచని రేకుతో గుబ్బ తల మాత్రం చేయించి, లోపలి వైపు చేసిన సంవత్సరం చెక్కించి, పట్టుజాలీకి కుట్టి అక్కడ నిలపాలి, రేపు ఎవరైనా తీసేయగలిగేలా. ఊడిన పాత గుబ్బను మాత్రం ఒక చిన్న పాలిథీన్ సంచిలో వేసి, ఏ ముక్కది, పై నుంచి ఎన్నో వరుస, ఎడమ నుంచి ఎన్నోది అని చీటీ మీద పెన్సిలుతో రాసి అదే పెట్టెలో ఉంచండి. సిరా తడికి పాకుతుంది, పెన్సిలు పాకదు.